పసుపు బ్యాండు

ఈ ఏడాది మొదటి మూడు నెలలూ ఈ శీర్షిక ఆగిపోయింది. పని ఎక్కువైందనీ, తీరిక లేదనీ అప్పట్లో ఏవో చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. జారిపడ్డాను.

జనవరిలో ఒక బుధవారం. మా వీధికి చెత్త బండి వచ్చే రోజు. ఒహాయోలో చలికాలం పొద్దున్న ఏడింటికి ఇంకా చీకటిగానే ఉంటుంది. డబ్బా రోడ్డు దాకా తోసుకెళ్తుంటే, ముందు రోజు కరిగి రాత్రికి మళ్లీ గడ్డకట్టిన నీళ్ల మీద కాలు పడింది. ఇక్కడ దీన్ని బ్లాక్ ఐస్ అంటారు. పేరుకే నలుపు, అసలు కంటికి కనపడదు. పడేటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను, కుడిచెయ్యి నేలకి ఆనించాను. చెయ్యి ఆగింది, ఒళ్లు ఆగలేదు. భుజం లోపల తడిగుడ్డ చింపినట్టు అనిపించింది. లేచి ముందు చేసిన పని చుట్టూ చూడడం, ఎవరైనా చూశారేమోనని. ఆ తర్వాతే నొప్పి గుర్తొచ్చింది.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఎమ్మారైలో అసలు విషయం తేలింది. సుప్రాస్పైనేటస్ అనే కండరాన్ని ఎముకకి కట్టిపడేసే తాడులాంటిది, టెండన్, కొంత మేర చిరిగింది. పూర్తిగా తెగలేదు కాబట్టి ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దు, పది రోజులు స్లింగులో ఉంచి తర్వాత ఫిజికల్ థెరపీకి వెళ్లమన్నారు డాక్టరు.

ఆ పది రోజుల్లో నాకు తెలిసొచ్చిన మొదటి సత్యం టైపింగుకి సంబంధించింది. నాకు టైపింగు ఎవరూ నేర్పలేదు. ఇంజనీరింగులో ఉండగా కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకుని ఇన్‌స్క్రిప్టులో సొంతంగా కుస్తీ పట్టాను. ఆ పద్ధతిలో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. కుడిచెయ్యి మెడకి వేలాడుతుంటే నా దగ్గర మిగిలినవి ఆ, ఈ, ఊ, ఏ, ఓ. నొప్పితో ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి! కింది వరుసలో మ, న లాంటివి ఒకటి రెండు హల్లులు కూడా ఎడమచేతికి అందుతాయి. అంటే ఎడమచేత్తో హాయిగా రాసుకోగలిగిన మాటలు అమ్మ, నాన్న. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత అంత నవ్వు రాలేదు, అది కూడా చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పండగలకి సంగిడి రాళ్లెత్తే పోటీలు పెడతారు. మా తాత కుర్రతనంలో ఊళ్లో అందరికన్నా బరువైన సంగిడి ఎత్తేవాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను ఏడో తరగతిలో ఉండగా, 2000లో, సిడ్నీ ఒలింపిక్స్‌లో మా జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ వారమంతా మా బడిలో పిల్లలు కర్రకి రెండు వైపులా ఇటుకలు కట్టి ఎత్తారు. అలాంటి జిల్లాలో పుట్టిన నాకు బలం అంటే ఎంత బరువు లేచిందన్నదే లెక్క. ఇక్కడికొచ్చాక నాలుగేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. బెంచ్ ప్రెస్ 185 పౌండ్లు, అంటే దాదాపు 84 కిలోలు. ఆఫీసులో మాటల మధ్య ఈ అంకె ఎలాగో ఒకలాగ దొర్లించేవాణ్ణి.

థెరపీ మొదటి రోజు నా అంకెల గర్వం అంతా ఒక తువ్వాలు చుట్ట దగ్గర ఆగిపోయింది. మా థెరపిస్టు అరవైకి దగ్గరపడిన ఆవిడ. మెల్లగా మాట్లాడుతుంది, తొందరపడదు. తువ్వాలు చుట్టి నా కుడి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టి, "ఇది కింద పడకుండా చెయ్యి బయటివైపు తిప్పు" అంది. పదిహేను డిగ్రీలు తిరిగిందేమో. చెమట పట్టింది.

అప్పుడు భుజం బొమ్మ చూపించి వివరించింది. తుంటి కీలు రోట్లో రోకలిలాంటిది, గుంట లోతు, కాబట్టి అంత తేలిగ్గా జారదు. భుజం కీలు సాసర్లో పెట్టిన నిమ్మకాయలాంటిది. గుంట లోతు తక్కువ కాబట్టే చెయ్యి అన్ని వైపులకీ తిరుగుతుంది, ఆ కారణానికే తేలిగ్గా పట్టు తప్పుతుంది. ఆ నిమ్మకాయని సాసర్ మధ్యలో పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నాలుగూ కలిపి రొటేటర్ కఫ్. అద్దంలో ఇవేవీ కనపడవు. నాలుగేళ్లుగా నేను పెంచినవి అద్దంలో కనపడే కండరాలు. లోపల పట్టు లేకుండా పైన బరువు పెంచుకుంటూ పోవడమంటే, మా భాషలో చెప్పాలంటే, పునాది చూసుకోకుండా మేడ మీద మేడ వెయ్యడం.

"నీ లక్ష్యం ఏమిటి?" అని అడిగింది. ఫారంలో రాయాలట. 185 అని నోటిదాకా వచ్చింది. ఆగి, "31" అన్నాను.

ముప్ఫై ఒకటి మా చిన్నది. మూడేళ్లు, 31 పౌండ్లు, పద్నాలుగు కిలోలు. సాయంత్రం ఆఫీసు గదిలోంచి బయటికి రాగానే రెండు చేతులూ పైకెత్తి "నాన్నా, ఎత్తుకో" అనడం దాని అలవాటు. నేను పడ్డాక మొదటి వారం స్లింగు చూసి జాలిపడింది. రెండో వారం ఎడమవైపు వచ్చి నిలబడి, "ఈ చెయ్యి బాగుందా?" అని అడిగింది. మూడో వారం నుంచీ నన్ను అడగడం మానేసి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయేది. ఏడ్చి ఉంటే బావుండేది. పిల్లలు ఎంత త్వరగా సర్దుకుపోతారో చూస్తే భయమేస్తుంది.

ఆవిడ ఫారంలో 31 అని రాసి, కింద గీత గీసింది.

మొదటి మూడు వారాలూ వ్యాయామం అని చెప్పుకోడానికి కూడా సిగ్గేసే పనులు. ఎడమచేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, కుడిచేతిని గడియారం లోలకంలా వేలాడదియ్యడం, ఒంటిని ఊపితే చెయ్యి దానంతట అదే ఊగాలి. బల్ల మీద గుడ్డ పెట్టి చెయ్యి ముందుకి జార్చడం. భుజం పలకలు రెండూ వెనక్కి దగ్గరగా లాగి ఐదు అంకెలు లెక్కపెట్టడం. చొక్కా తొడుక్కోవడం కూడా నేర్పింది: దెబ్బ తగిలిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది చివర రావాలి. ఇది ఎందుకు గుర్తుపెట్టుకోమంటున్నానో తర్వాత తెలుస్తుంది.

రాత్రిళ్లు నిద్ర పట్టక ఈ లోలకం వ్యాయామం ఎవడు కనిపెట్టాడా అని చదువుకుంటూ పోయాను. బోస్టన్‌లో ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. 1934లో భుజం మీదే ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఈ లోలకం ఆయన పేరు మీదే ఉంది. చెయ్యి బిగుసుకుపోయే జబ్బుకి ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఈ మనిషి గురించి మళ్లీ వస్తాను.

తర్వాత దశ, కదలకుండా బలం పెట్టడం. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి, అరచేతి వెనక భాగంతో గోడని మెల్లగా నొక్కడం. గోడ కదలదు, చెయ్యి కదలదు, కండరం మాత్రం పని చేస్తుంది. పది అంకెలు, పదిసార్లు. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, "గోడ పడిపోకుండా పట్టుకున్నారా?" అని అడిగింది.

ఈలోపు మిగిలిన ఒళ్లు ఖాళీగా ఉంచొద్దంది థెరపిస్టు. కాళ్లకి ఏం కాలేదు కదా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్టెక్కి దిగడం, సైకిలు తొక్కడం చెయ్యమంది. ఎడమచేతికి డంబెల్ ఇచ్చింది. "బాగున్న చేతికి ఎందుకు?" అన్నాను. ఒక చేతికి శిక్షణ ఇస్తే రెండో చెయ్యి కూడా కొంత బలపడుతుందట. ఇది కొత్త సంగతి కాదు, 1894లోనే యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ అనే ఆయన ప్రయోగశాలలో ఒక చేతికి మాత్రమే సాధన చేయించి, రెండో చేతిలో కూడా బలం పెరగడం గమనించారు. కండరం పెరగదు, దాన్ని నడిపే నాడీవ్యవస్థ నేర్చుకుంటుంది. కట్టు కట్టిన చెయ్యి బలం పోగొట్టుకోకుండా ఇది కొంత కాపాడుతుంది. సాంబారులో ముక్కలు వేసి, చారుకి కూడా ఆ రుచి వచ్చిందంటే నమ్మను గానీ, ఇది మాత్రం నమ్మాల్సి వచ్చింది.

ఐదో వారంలో పసుపు బ్యాండు చేతికొచ్చింది. రబ్బరు పట్టీలివి, రంగుని బట్టి బిగువు. మా క్లినిక్‌లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరస. పసుపు అందరికన్నా మెత్తన. తలుపు పిడికి కట్టి, మోచెయ్యి కింద తువ్వాలు పెట్టుకుని బయటికి లాగాలి, లోపలికి లాగాలి. పదేసి సార్లు, మూడు విడతలు.

ఈ మూడు విడతల పది లెక్క మనం ఏ జిమ్‌కి వెళ్లినా వినేదే. ఇదెక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పటిదాకా తెలీదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల కోసం షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్లో థామస్ డెలోర్మ్ అనే సైన్యం డాక్టరు ఉండేవాడు. కుర్రతనంలో రుమాటిక్ ఫీవర్‌తో మంచాన పడి, కోలుకున్నాక బరువులెత్తి ఒళ్లు నిలబెట్టుకున్న మనిషి. మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకి తేలిక పని వందలసార్లు చేయించడం బదులు, బరువు కట్టి తక్కువసార్లు ఎత్తించి, వారం వారం ఆ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. 1948లో వాట్‌కిన్స్ అనే ఆయనతో కలిసి లెక్క ఇంకా సులువు చేశాడు: పదిసార్లకి మించి ఎత్తలేని బరువేదో కనుక్కో, మొదటి విడత అందులో సగం, రెండో విడత ముప్పావు, మూడో విడత పూర్తి బరువు. నేను జిమ్ అంటే ఆరోగ్యవంతుల వ్యవహారం అనుకున్నాను. దాని గుండెకాయలాంటి సూత్రం ఆసుపత్రి మంచాల మధ్య పుట్టిందన్నమాట.

ఇక నొప్పి లెక్క. సున్నా నుంచి పది దాకా కొలత వేసుకో, వ్యాయామం చేసేటప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే నిన్న చేసింది ఎక్కువైనట్టు. ఎంత చక్కటి నియమం! సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటిది ఉంటే ఎన్ని శుక్రవారం రాత్రులు మిగిలేవో.

ఏడో వారానికి ఎర్ర బ్యాండుకి వచ్చాను. నొప్పి ఒకటిలో ఉంది. చెయ్యి తల పైకి లేస్తోంది. మనసు కూడా లేచింది. ఆ శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్లాం. సోనా మసూరి 20 పౌండ్ల బస్తా. బండి లోంచి కారు డిక్కీలోకి మార్చాలి. మా ఆవిడ "నేను పెడతా ఆగండి" అంటోంది. ఆ పక్కనే మా ఆఫీసు కుర్రాడొకడు కారు తీస్తూ నాకు చెయ్యూపాడు. నేను కుడిచేత్తో బస్తా మూతి పట్టుకుని, చెయ్యి బారుగా చాపి, ఒక్క విసురు విసిరాను.

బస్తా డిక్కీలో పడింది. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని రెండు నిమిషాలు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. "ఏమైంది?" అంటే "ఏం లేదు" అన్నాను.

20 పౌండ్లు పెద్ద బరువు కాదు. ఒంటికి దగ్గరగా రెండు చేతుల్తో ఎత్తి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. చెయ్యి చాచి ఎత్తితే అదే బరువు భుజానికి ఎన్నో రెట్లవుతుంది, చిన్నప్పుడు చదువుకున్న తులాదండం పాఠమే. పైగా కండరం త్వరగా బలపడుతుంది, టెండన్ మెల్లగా బలపడుతుంది. కండరం "నేను సిద్ధం" అన్న రోజున టెండన్ ఇంకా సిద్ధంగా ఉండదు. నన్ను మోసం చేసింది నొప్పి కాదు, నొప్పి లేకపోవడం.

మంగళవారం థెరపీకి వెళ్తే ఎలా ఉందని అడిగింది. "బాగానే ఉంది" అన్నాను. ఎర్ర బ్యాండు చేతికిచ్చింది. మూడోసారికే నా మొహం చూసి బ్యాండు తీసేసుకుంది. ఏమీ అడగలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇక చెప్పక తప్పలేదు. బియ్యం బస్తా సంగతి, కుర్రాడి సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఇన్సూరెన్సు నీకు ఇచ్చినవి ఇరవై విజిట్లు. నువ్వు అబద్ధం చెప్పిన విజిట్‌కి కూడా నలభై డాలర్లు కట్టాలి" అంది. డ్రాయరు తీసి మళ్లీ పసుపు బ్యాండు ఇచ్చింది.

రెండు వారాల వెనక్కి. ఇంటికొచ్చి తలుపు పిడికి ఆ పసుపు పట్టీ కట్టుకుంటుంటే, మా తాత సంగిడి గుర్తొచ్చింది. మెత్తటి రబ్బరు ముక్కని మూడంగుళాలు లాగడానికి మనవడు ఊపిరి బిగబట్టుకోవడం చూస్తే ఆయన ఏమనేవాడో.

ఇంతవరకూ నా కథ. దీనికోసమే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేశాను. మా నాన్న బడిపంతులు. బోర్డు మీద సుద్దముక్కతో ముప్ఫై ఏళ్లు పైన రాసి రిటైరయ్యాడు. ఆ రోజు ఎవరిదో పెళ్లికి బయల్దేరుతున్నారు. ఫోను అమ్మ చేతిలో ఉంది. వెనకాల నాన్న చొక్కా తొడుక్కుంటున్నాడు. కుడిచెయ్యి ముందు దూర్చాడు. ఎడమచేత్తో చొక్కాని భుజం మీదికి లాక్కున్నాడు. కొంచెం ఎడమవైపు ఒరిగి, ఎడమచెయ్యి దూర్చాడు.

నాకు గొంతులో మాట ఆగిపోయింది. ఆ చొక్కా తొడుక్కునే పద్ధతి నాకు డబ్బు పుచ్చుకుని ఒకావిడ నేర్పింది. ఆయనకి ఎవరు నేర్పారు?

"నాన్నా, చెయ్యి పైకెత్తు" అన్నాను.

"ఏట్రా, పెళ్లికెళ్తన్నామ్."

"ఒక్కసారి ఎత్తు నాన్నా."

ఎత్తాడు. భుజం ఎత్తు దాకా కూడా రాలేదు. చెయ్యి బదులు భుజం మొత్తం చెవి దాకా లేచింది.

"ఎన్నాళ్లనుంచి?"

"వినాయక చవితి అప్పట్నించి అలాగే ఉంది. నీకు చెప్తే అంత దూరంలో ఉండి నువ్వేటి చేస్తావు? నీ చెయ్యే బాగులేదు కదా."

అప్పుడు గుర్తొచ్చింది. నాకు చెప్పలేదనడం అబద్ధం. పోయిన సెప్టెంబరులో అమ్మ ఫోన్లో చెప్పింది, మీ నాన్నకి భుజం నొప్పి, రాత్రిళ్లు పడుకోనివ్వట్లేదని. నేను ఏమన్నానో కూడా గుర్తుంది. "వయసు కదమ్మా, బామ్ రాసుకోమను." ఆ తర్వాత ఇంటర్నెట్ బిల్లు కట్టారా అని అడిగాను. నా భుజానికి ఎమ్మారై, థెరపిస్టు, ఫారం మీద లక్ష్యం. ఆయన భుజానికి బామ్ డబ్బా. ఆ సలహా ఇచ్చింది కూడా నేనే. ఎడమచేత్తో నాన్న అని రాసుకోగలనని నవ్వుకున్నది ఆ మధ్యలోనే.

శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించారు. భుజం బిగుసుకుపోయిందన్నారు, ఫ్రోజెన్ షోల్డర్. పన్నెండేళ్లుగా ఆయనకి సుగర్ ఉంది. సుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. మూడు నెలల సగటు చూస్తే తొమ్మిది దాటింది. మాత్రలు మార్చారు. ఏడాది పట్టొచ్చు, అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు, బలవంతంగా లాగొద్దు, రోజూ కొద్దికొద్దిగా కదపమన్నారు.

నా ఉత్సాహం ఆగలేదు. మా ఊరి స్నేహితుడొకడు ఇండియా వెళ్తుంటే పసుపు బ్యాండు ఒకటి కొని పంపిద్దామని థెరపిస్టుని సలహా అడిగాను. వద్దంది. "నీది చిరిగిన భుజం, ఆయనది బిగిసిన భుజం. నీకు కావలసింది బలం. ఆయనకి ముందు కావలసింది కదలిక. ఒకరి మందు ఇంకొకరికి పంపకు." కాబట్టి ఇది చదివి మీరు కూడా పట్టీలు కొనకండి. ముందు మీ భుజానికి ఏమైందో తెలిసినవాళ్లకి చూపించుకోండి. నొప్పి మొత్తం ఒకలాగే ఉంటుంది, కారణాలు ఒకలాగ ఉండవు.

లోలకం మాత్రం ఇద్దరికీ పనికొచ్చింది. మా నాన్న వరండాలో కుర్చీ వీపు పట్టుకుని వంగి చెయ్యి ఊపుతాడు. ఇక్కడ నేను వంటింటి బల్ల పట్టుకుని ఊపుతాను. ఫోన్లు ఎదురెదురుగా పెట్టుకుని. వాళ్లకి రాత్రి, మాకు పొద్దున్న. మా ఆవిడ దీనికి తండ్రీకొడుకుల పూజ అని పేరు పెట్టింది. వాళ్ల డాక్టరు ఇంకొకటి చెప్పారు: గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో సాలీడులా పైకి పాకడం, ఎంతవరకు వెళ్తే అంత. నాన్న బీరువాలోంచి సుద్దముక్క తీశాడు. వేళ్లు ఆగిన చోట గీత గీసి, పక్కన తేదీ వేస్తాడు. కిందటేడే సున్నం వేయించిన గోడ అని అమ్మ గోల. పంతులుగారి చేతికి బోర్డు దొరికాక ఆపేదెవరు?

కాడ్‌మన్ గురించి మళ్లీ వస్తానన్నాను కదా. ఆయన చేసిన ఇంకో పని నాకు భుజం పుస్తకం కన్నా పెద్దదనిపించింది. చికిత్స చేసిన ప్రతి రోగి చివరికి ఏమయ్యాడో డాక్టర్లు ఏడాది పాటైనా వెంటపడి తెలుసుకోవాలనీ, బాగవకపోతే ఎందుకు బాగవలేదో, తప్పెవరిదో దాచకుండా రాసిపెట్టాలనీ వాదించాడు. 1911లో సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టి, తన తప్పులు కూడా కలిపి అచ్చేశాడు. తోటి డాక్టర్లకి ఇది నచ్చలేదు. చాలా నష్టపోయాడు. బియ్యం బస్తా సంగతి రెండు రోజులు దాచిన నేను, వినాయక చవితి నుంచి దాచిన మా నాన్న, ఆయన ఎదుట నిలబడితే ఏం సమాధానం చెప్పేవాళ్లమో తెలీదు.

మే మధ్యలో నా ఇరవై విజిట్లూ అయిపోయాయి. అప్పటికి ఆకుపచ్చ బ్యాండు. చివరి నాలుగు విజిట్లూ ఒక చెక్క పెట్టెతోనే సరిపోయింది. అందులో పది పౌండ్లు, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు వేసుకుంటూ నేల మీంచి ఎత్తించింది. మోకాళ్లు వంచు, మోచేతులు పక్కటెముకలకి ఆనించు, పెట్టెని గుండెకి దగ్గరగా తెచ్చుకో, అప్పుడు లే. పిల్లని ఎత్తుకోవడం కూడా ఇంతే అంది.

జూన్ మొదటి శనివారం. చిన్నది నేల మీద కూర్చుని బొమ్మలు పరుచుకుంది. "ఎత్తుకోనా?" అన్నాను. నమ్మలేదు. "ఏ చేత్తో?" అంది. "రెండు చేతుల్తో." లేచి వచ్చి చేతులు పైకెత్తింది. మోకాళ్లు వంచి, మోచేతులు ఆనించి, గుండెకి దగ్గరగా తెచ్చుకుని లేచాను. నొప్పి రెండు. దూడని రోజూ మోసి, అది ఎద్దయ్యేసరికి తనూ మల్లుడైపోయిన గ్రీకు వస్తాదు కథ ఒకటి ఉంది. నేను మొయ్యడం మానేసిన ఐదు నెలల్లో మా దూడ ఆగలేదు, ఇప్పుడు 33 పౌండ్లు. ఫారం మీద లక్ష్యం రెండు పౌండ్లు దాటినట్టే. బెంచ్ ప్రెస్ జోలికి ఇంకా వెళ్లలేదు. వెళ్తానేమో. ఆ అంకె ఆఫీసులో దొర్లించాలనిపించడం మాత్రం పోయింది.

మొన్న ఆదివారం నాన్న ఫోను గోడ వైపు తిప్పి చూపించాడు. ఏప్రిల్ నుంచి సుమారు జానెడు పైకెక్కాయి గీతలు. కిందనించి పైకి చూసుకుంటూ వస్తుంటే ఒక చోట ఆగాను. మే నెలాఖర్న ఒక గీత అంతకుముందు రోజు గీతకన్నా రెండు వేళ్లు కింద ఉంది. దాని మీద ఇంకో రెండు కూడా కిందే.

"ఇవేమిటి నాన్నా?"

"ఆ మూడు రోజులూ చెయ్యి ఎత్తలేకపోయాన్రా. ఎండకి నీళ్ల బిందె తీద్దామని లాగాను."

"మరి గీత మానెయ్యకపోయావా?"

"రాని రోజు రాలేదని వెయ్యకపోతే అది హాజరు పట్టీ ఎలాగవుద్దిరా?" అన్నాడు. ఫోను కుర్చీ మీద నిలబెట్టి, గోడ ముందు నిలబడి, వేళ్లు మెల్లగా పైకి పాకించడం మొదలుపెట్టాడు.